పాత వేరుపై క్రొత్త అంటు

(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేయబడిన ప్రసంగ పాఠము)



ఒక గ్రామ గ్రంథాలయము ఇరువదియైదేండ్లు నిలుచుట సామాన్య విషయము కాదు. భవనము కట్టుటకు ఒక సంవత్సరము చాలును. బీరువాలు నింపుటకు ఒక దాత చాలును. కాని ప్రతి సాయంకాలమును తలుపు తీయువాడు, చినిగిన పుటలను అంటించువాడు, తిరిగిరాని పుస్తకమును ఇల్లిల్లు తిరిగి అడిగి తెచ్చువాడు లేనిచో ఆ భవనము కొలది యేండ్లలో తాళము పడిన గది యగును. ఆంధ్రదేశమున గ్రంథాలయోద్యమమును నడపిన పెద్దలు ఈ సత్యము నెరిగినవారు. 1914లో బెజవాడయందు ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘము వెలసినది. అయ్యంకి వేంకటరమణయ్యగారు ఆ యుద్యమమునకు తమ జీవితమునే ధారపోసిరి. 1935లో పాతూరి నాగభూషణముగారి పూనికతో గుంటూరు మండలమున కాలువపై పడవ గ్రంథాలయము నడచినది. చదువరి పుస్తకము కడకు రాలేనిచో పుస్తకమే పడవ నెక్కి చదువరి కడకు పోవలెననునది ఆ పెద్దల సిద్ధాంతము.

ఈ ప్రసంగమునకు తీసికొనబడిన విషయము కంప్యూటరు లోకమునకు చెందినది. డెబియన్ అను స్వేచ్ఛా లినక్స్ వ్యవస్థకు ‘బ్యాక్‌పోర్టు’ ప్యాకేజీలను సమకూర్చుట దాని పేరు. పేరు క్రొత్తదైనను అందలి ధర్మము పాతదే. క్రొత్తదాని కడకు పోలేనివాని వద్దకు క్రొత్తదానినే జాగ్రత్తగా కొనిపోవు పని యిది. నీటిపై పుస్తకముల పడవ నడపినవారి వారసులకు ఇది బోధపడుట కష్టము కాదు.

ముందుగా డెబియన్ అనగా నేమో తెలిసికొనవలెను. కంప్యూటరును నడపు మూల కార్యక్రమములు చిరకాలము కొన్ని కంపెనీల సొత్తుగా నుండెను. కొన్నవాడు వాడుకొనవచ్చును గాని విప్పి చూడరాదు, మార్చరాదు, పొరుగువానికి ఈయరాదు. ఈ పద్ధతిని కాదని రిచర్డ్ స్టాల్‌మన్ 1983లో గ్నూ ఉద్యమమును ప్రకటించెను. 1991లో ఫిన్లాండు దేశపు విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ లినక్స్ అను మూలభాగమును రచించి లోకమున కిచ్చెను. ఇట్టి స్వేచ్ఛా కార్యక్రమములనన్నింటిని ఒకచోట చేర్చి, ఒకదానితో నొకటి కలహింపకుండ కూర్చి, ఎవరికైనను ఉచితముగా అందించుటకై ఇయాన్ మర్డాక్ 1993 ఆగస్టు 16న డెబియన్ ప్రాజెక్టును ప్రారంభించెను. అది ఏ కంపెనీదియు కాదు. లోకమందలి పలు దేశముల స్వచ్ఛంద సేవకులు దానిని నడపుచున్నారు. వాడుకరుల యెడ తమకు గల బాధ్యతను 1997లో ‘సామాజిక ఒడంబడిక’ అను పత్రముగా వ్రాసికొనిరి. చందాదారుల యెడ గ్రంథాలయ సంఘమునకు నియమావళి యెట్టిదో, వారికి ఆ పత్రము అట్టిది.

ఇందు తెలుగునకును చోటు కలదు. 1991లో వెలువడిన యూనికోడ్ మొదటి కూర్పునందే తెలుగు లిపి చేరినది. 2005లో ‘స్వేచ్ఛ’ అను బృందము తెలుగు రూపమున నొక నిర్వహణ వ్యవస్థను వెలువరించినది. భారత ప్రభుత్వ సంస్థయగు సి-డాక్ రూపొందించిన ‘బాస్’ అను వ్యవస్థ డెబియన్ పునాదిపై కట్టబడినదే. తిరుమల కృష్ణ దేశికాచార్యులుగారు దిద్దిన పోతన, వేమన అక్షరరూపములును, ‘తెలుగు విజయము’ అను ప్రయత్నమున వచ్చిన గిడుగు, గురజాడ, ధూర్జటి, సురవరం మొదలగు పేర్లు గల అక్షరరూపములును డెబియన్ భాండారమున ప్యాకేజీలుగా చేరినవి. ఇట్లు కొందరు ఇచ్చినవారు కలరు. కాని పుచ్చుకొను తెలుగువారితో పోల్చినచో ఇచ్చువారి సంఖ్య కడు స్వల్పము.

డెబియన్ భాండారమున కార్యక్రమములు ప్యాకేజీలను పేరున కట్టలు కట్టబడి యుండును. ఒక్కొక్క కట్టపై దాని పేరు, కూర్పు సంఖ్య, దాని బాగోగులు చూచువాని పేరు, అది పనిచేయుటకు కావలసిన ఇతర ప్యాకేజీల పట్టికయు నుండును. సుమారు రెండేండ్లకొకమారు ఈ భాండారమునంతటిని పరీక్షించి, సరిదిద్ది, ‘స్థిర కూర్పు’గా ప్రకటింతురు. ప్రతి కూర్పునకును చలనచిత్ర పాత్రల పేర్లనుండి ఒక పేరు పెట్టుట వారి యాచారము. 2023 జూన్ 10న వెలువడిన పండ్రెండవ కూర్పు పేరు ‘బుక్‌వార్మ్’, అనగా పుస్తకముల పురుగు. గ్రంథాలయమున కంతకన్న తగిన పేరు వేరొకటి లేదు. దానియందు 64,419 ప్యాకేజీలు కలవు. 2025 ఆగస్టు 9న వెలువడిన పదమూడవ కూర్పగు ‘ట్రిక్సీ’యందు 69,830 కలవు.

స్థిర కూర్పు ఒకమారు వెలువడిన పిమ్మట అందలి కార్యక్రమముల కూర్పు సంఖ్యలు సామాన్యముగా మారవు. భద్రతా లోపములను, తీవ్రమైన దోషములను మాత్రము సవరింతురు. క్రొత్త సొబగులు చేర్చరు. ఇది చాదస్తమని కొందరనుకొందురు. కాని పట్టణమునకు దూరముగా, కంప్యూటరు పాడైనచో బాగుచేయువాడు వారము దినములకు గాని దొరకని గ్రామ గ్రంథాలయమును తలచుకొనుడు. నిన్న పనిచేసిన యంత్రము నేడును అట్లే పనిచేయుట ఆ గ్రంథపాలకునకు మొదటి యవసరము. చందాల పద్దు, పుస్తకముల పట్టిక, పిల్లల పాఠములు, వృద్ధుల పింఛను దరఖాస్తులు ఒక్క యంత్రముపై నడచుచుండగా క్రొత్తదనమునకై ఆశించి దానిని కదిలించుట వివేకము కాదు.

అయినను స్థిరత్వమునకు మూల్యము కలదు. రెండు దృష్టాంతములు చాలును. ఒక దాత గ్రంథాలయమునకు క్రొత్త కంప్యూటరు నొసగెను. దానియందలి వైర్‌లెస్ పరికరము నిరుడు తయారైనది. స్థిర కూర్పునందలి లినక్స్ మూలభాగము అంతకు ముందటిది. బుక్‌వార్మ్ నందున్నది 6.1 సంఖ్య గలది. తనకన్న తరువాత పుట్టిన పరికరము పేరు దానికి తెలియదు. యంత్రము క్రొత్తదే, కరెంటు కలదు, తీగయు కలదు. కాని ఇంటర్నెట్టు లేదు.

రెండవ దృష్టాంతము తెలుగు లిపికి సంబంధించినది. పాత తెలుగు గ్రంథములందు పదము చివర కనబడు నకారపొల్లునకు ప్రత్యేక స్థానము యూనికోడ్ పదునాలుగవ కూర్పున లభించినది. ఆ కూర్పు 2021 సెప్టెంబరు 14న వచ్చినది. డెబియన్ పదునొకండవ కూర్పు ‘బుల్స్‌ఐ’ అంతకు సరిగా ఒక నెల ముందు, ఆగస్టు 14న వెలువడి స్థిరపడి పోయినది. ఒక పాత గ్రంథమును యథాతథముగా టైపు చేయదలచిన గ్రంథపాలకుడు ఆ యొక్క అక్షరమునకై తరువాతి స్థిర కూర్పు వచ్చువరకు, అనగా ఇరువది నెలలకు మించి, వేచియుండవలసినదేనా?

ఇట్టి సందర్భమున తొందరపాటు గలవారు రెండు తప్పు త్రోవలు త్రొక్కుదురు. ఒక్క వస్తువు కొరకై యంత్రమునంతటిని ఇంకను పరీక్షయందున్న కూర్పునకు మార్చుట మొదటిది. దీపము వెలుగుట లేదని ఇల్లంతయు విప్పి కట్టుట వంటి దిది. ఎక్కడనో దొరికిన ప్యాకేజీని, కట్టినవాడెవడో తెలియకయే, తెచ్చి పెట్టుట రెండవది. ఇట్లు నానా స్థలముల ముక్కలతో అతుకబడిన యంత్రము కొంతకాలమునకు ఏ కూర్పునకును చెందనిదై, ఏ సవరణయు పట్టనిదై చెడిపోవును.

మూడవ త్రోవయే బ్యాక్‌పోర్టు. తరువాతి కూర్పునకై సిద్ధమగుచున్న ప్యాకేజీలలో కావలసిన దానిని మాత్రము తీసికొని, నేటి స్థిర కూర్పుపై పనిచేయునట్లు మరల కట్టి అందించుటయే బ్యాక్‌పోర్టనబడును. తక్కిన వ్యవస్థ కదలదు. ద్వారకా తిరుమల వాసులకు ఈ భావము క్రొత్తది కాదు. ఇచ్చటి యాలయమున స్వయంవ్యక్తుడైన స్వామి అధోభాగము పుట్టయందే యుండుటచే, పాదపూజకై వెనుక మరియొక నిండుమూర్తిని శ్రీమద్రామానుజాచార్యులవారు ప్రతిష్ఠించిరని ఐతిహ్యము. మొదటి మూర్తిని కదలింపలేదు. భక్తుల కొరతయు తీరినది. ఒకే విమాన శిఖరము క్రింద ఇరువురు మూర్తులు పూజలందుకొనుచున్నారు. లౌకిక కార్యమును దైవకార్యముతో సరిపోల్చుట కాదు. ఉన్నదానిని కదలింపక లేనిదానిని చేర్చు వివేకము ఈ కొండ క్రింద పుట్టిన బిడ్డలకు సహజమని చెప్పుటయే ఉద్దేశము.

ఇక పని జరుగు విధానము. నూజివీడు మామిడి తోటలలో అంటు కట్టువారిని చూచినవారికి ఇది తేలికగా తెలియును. టెంకనుండి మొలచిన నాటు మొక్క వేరు గట్టిది, నేలకు అలవాటుపడినది. దానిపై మేలుజాతి చెట్టు కొమ్మను తెచ్చి అంటు కట్టుదురు. ఏ కొమ్మనైన కట్టరు. కాపు కాచి గుణము నిరూపించిన చెట్టు కొమ్మనే ఎన్నుకొందురు. వేరు మొక్క లావును కొమ్మ లావును సరిపడవలెను. డెబియన్ బ్యాక్‌పోర్టు నియమములును ఇట్టివే.

మొదటి నియమమేమనగా, ప్యాకేజీ ముందుగా ‘టెస్టింగ్’ అను పరీక్షా భాండారమున చేరియుండవలెను. కాపు కాయని చెట్టు కొమ్మ పనికిరాదు. రెండవది, దాని మూలప్రతిని తెచ్చి స్థిర కూర్పు మాత్రమే గల శుభ్రమైన పరిసరమున మరల నిర్మింపవలెను. క్రొత్త కూర్పునందు కట్టిన ప్యాకేజీని యథాతథముగా తెచ్చి పెట్టినచో అది పాత వ్యవస్థలో లేని వస్తువులను కోరును. మూడవది, మార్పులు అత్యవసరమైనంతవరకే చేయవలెను. చేసిన ప్రతి మార్పును దినచర్య పుస్తకము వంటి మార్పుల పట్టికలో వ్రాయవలెను. నాలుగవది, స్థిర కూర్పుపై దానిని స్వయముగా నడపి చూడవలెను. కట్టబడినంత మాత్రమున పనిచేయునని నమ్మరాదు.

నూతనముగా చేరిన సేవకునకు భాండారమున నేరుగా ప్యాకేజీని చేర్చు నధికారము ఉండదు. అతడు తన పనిని ఒక డెబియన్ సభ్యునకు చూపవలెను. ఆ సభ్యుడు పరిశీలించి, తన సాంకేతిక ముద్ర వేసి, తన పూచీపై పంపును. ఆ ప్యాకేజీ బ్యాక్‌పోర్టులలోనికి మొదటిసారి వచ్చునప్పుడు నిర్వాహకులు చేతితో విప్పి చూచి గాని లోనికి రానీయరు. మూలప్యాకేజీని చూచుచున్నవానికి ముందుగా తెలియజేయుట మర్యాద.

కూర్పు సంఖ్య వ్రాయుటలో ఒక చమత్కారము కలదు. మూలప్యాకేజీ సంఖ్య చివర అలవంటి చిన్న గీతను చేర్చి, దాని తరువాత ‘బి.పి.ఓ.’ అను మూడక్షరములను, స్థిర కూర్పు సంఖ్యను వ్రాయుదురు. ఈ గీతకు టిల్డ్ అని పేరు. డెబియన్ గణనలో టిల్డ్ ఉన్న సంఖ్య అది లేని సంఖ్యకన్న తక్కువగా లెక్కింపబడును. కావున బ్యాక్‌పోర్టు వాడుచున్న గ్రంథాలయము రెండేండ్ల తరువాత క్రొత్త స్థిర కూర్పునకు మారినప్పుడు, అందలి అసలు ప్యాకేజీ హెచ్చు సంఖ్య గలదై బ్యాక్‌పోర్టును తొలగించి తానే వచ్చి కూర్చుండును. అసలువాడు వచ్చినంతనే ఆసనము విడిచి లేచునట్టి వినయము ఆ చిన్న గీతలో నిమిడి యున్నది.

వాడుకరి యెడలను ఇట్టి మర్యాదయే పాటింపబడును. బ్యాక్‌పోర్టుల భాండారమును యంత్రమునకు చూపినంత మాత్రమున అందలి ప్యాకేజీలు తమంతట తాము లోనికి రావు. పేరుపెట్టి అడిగినదే వచ్చును. అడిగి తెచ్చుకొన్న దానికి మాత్రము తరువాతి సవరణలు వెనువెంట వచ్చుచుండును. క్రొత్త కంప్యూటరు గల గ్రంథాలయము లినక్స్ మూలభాగము నొక్కదానినే అడిగి తెచ్చుకొనవచ్చును. బుక్‌వార్మ్ వాడుకరుల కొరకు 6.12 సంఖ్య గల మూలభాగము ఈ విధముగనే అందింపబడినది. వ్రాతపనికి వాడు లిబ్రెఆఫీసును క్రొత్త కూర్పులలో ఇట్లే దొరకుచు వచ్చినది.

అందరు మరవరాని విషయ మొకటి కలదు. దాదాపు ప్రతి అంటును కట్టిన దినమున పచ్చగనే యుండును. కట్టినవాడు మరునాటినుండి చూడనిచో వేరు మొక్క ప్రక్కల మొలచిన నాటు చిగురు బలిసి మేలుకొమ్మ ఎండిపోవును. స్థిర కూర్పు భద్రతను డెబియన్ భద్రతా బృందము కనిపెట్టి చూచును. బ్యాక్‌పోర్టు భారము మాత్రము దానిని తెచ్చినవానిపైననే యుండును. మూలప్యాకేజీలో లోపము బయటపడి సవరింపబడిన క్షణమున, బ్యాక్‌పోర్టును అతడే సవరించి పంపవలెను. అతడు ఉద్యోగము వచ్చినదనియో, ఆసక్తి తగ్గినదనియో మౌనము వహించినచో, వానిని నమ్మి తెచ్చుకొన్న ప్రతి యంత్రమును తలుపు తెరచిన ఇల్లుగా మిగిలిపోవును. బ్యాక్‌పోర్టు ఒకనాటి దానము కాదు. ఆ స్థిర కూర్పునకు సేవ సాగినంతకాలము నిలుపుకొనవలసిన మాట అది.

ఈ జాగరూకత వట్టి భయము కాదని 2024లో లోకము చూచినది. ఎక్స్‌జడ్ అను చిన్న ఉపకరణము దాదాపు ప్రతి లినక్స్ యంత్రమునను ఉన్నది. దానిని చిరకాలము ఒక్కడే అలసటతో మోయుచుండగా, సహాయకుని వేషమున చేరిన మరియొకడు కొన్నేండ్లు నమ్మకము సంపాదించి, దొంగద్వారము నొకదానిని అందు దాచెను. ఆ యేటి మార్చి 29న ఆండ్రెస్ ఫ్రాయిండ్ అను ఇంజనీరు దానిని బయటపెట్టెను. యంత్రములోనికి ప్రవేశించుటకు అర సెకను ఆలస్యమగుచుండుటయే ఆయనకు అనుమానము కలిగించినది. ఆ దుష్టకూర్పు డెబియన్ పరీక్షా భాండారమువరకు వచ్చినది గాని స్థిర కూర్పును తాకలేదు. దీనియందు రెండు పాఠములు కలవు. క్రొత్తదానికై తొందరపడనివాడు రక్షింపబడెను. పరీక్షా భాండారమును దాటినదెల్ల నిర్దోషమని నమ్మరాదనియు తేలినది. వెనుకకు తెచ్చువాడు కన్ను తెరచియే తేవలెను. ఒక్కని భుజముపైననే సర్వభారము నుంచుట సంఘమునకు క్షేమము కాదు.

బ్యాక్‌పోర్టుల సేవ మొదట డెబియన్ ప్రాజెక్టునకు వెలుపల స్వచ్ఛందముగా నడచినది. దాని ఉపయోగమును చూచి 2010 సెప్టెంబరులో ప్రాజెక్టు దానిని తనదిగా స్వీకరించినది. ఎవరును ఆజ్ఞాపింపకయే మొదలుపెట్టిన సేవ తన నాణ్యముచే సంస్థగా నిలచినది. ఆంధ్రదేశపు గ్రంథాలయములలో నెన్నియో ఇట్లే ఒకరి వీధి అరుగుపై మొదలై సంఘములైనవి గదా!

ఇక ఈ ప్రాంతపు యువజనులు చేయదగిన దేమి? 2015లో ఏర్పడిన జాతీయ సాంకేతిక విద్యాసంస్థ తాడేపల్లిగూడెమున నున్నది. నూజివీడున 2008 నుండి గ్రామీణ విద్యార్థుల కొరకు సాంకేతిక విశ్వవిద్యాలయ ప్రాంగణము నడచుచున్నది. ఏలూరు కాలువ గట్టునను, కొల్లేటి లంకలలోను పుట్టిన బిడ్డలు ఆ విద్యాలయములలో చదువుచున్నారు. 2023 సెప్టెంబరులో డెబియన్ వారి సార్వదేశిక సమావేశము భారతదేశమున, కొచ్చిలో జరిగినది. ఆ లోకము దూరమున లేదు.

మొదటి పని కష్టమైనది కానక్కరలేదు. అక్షరరూపముల ప్యాకేజీ ఒకటి తీసికొనుడు. అది ఏ యంత్ర జాతిపైనను ఒకే విధముగా నుండును. ఇతర ప్యాకేజీలపై ఆధారపడుట తక్కువ. నకారపొల్లు గల నూతన అక్షరరూపమును స్థిర కూర్పునకు తెచ్చుట చిన్న అంటు. అయితే అక్షరములను ఒకదానితో నొకటి కలిపి తెరపై కూర్చు ‘లైబ్రరీ’ అట్టిది కాదు. ప్రోగ్రాము వ్రాయువారును తమ ఉమ్మడి సామగ్రిని గ్రంథాలయమను పేరుననే పిలుతురు. దానిపై వందలాది కార్యక్రమములు ఆధారపడి యుండును. దానిని మార్చినచో అవన్నియు కదలును. ఏది తేవలెనో తెలియుట విద్య. ఏది తేరాదో తెలియుట వివేకము. మొదటిది కళాశాలలో దొరకును. రెండవది అనుభవజ్ఞులైన సేవకుల సాంగత్యమున దొరకును.

ప్యాకేజీ కట్టుట రానివారికిని పని కలదు. బ్యాక్‌పోర్టును వాడి చూచి, తెలుగు ఒత్తులు, గుణింతములు సరిగా వచ్చుచున్నవో లేదో పరిశీలించి, దోషమును స్పష్టముగా వ్రాసి తెలియజేయవచ్చును. జర్మనీలోనో బ్రెజిల్‌లోనో కూర్చున్న సేవకుడు ‘స్త్రీ’ అను అక్షరము తప్పుగా ముద్రింపబడినదని తనంత తాను గుర్తింపజాలడు. ఏడవ తరగతి చదువు గ్రామ బాలిక గుర్తించును. ఆమె పంపు నాలుగు పంక్తుల నివేదిక ఆ ప్యాకేజీ వాడు ప్రతి తెలుగు ఇంటికిని చేయు సేవ యగును.

గ్రంథాలయము ఇందుకు తగిన తావు. ఒక పాత కంప్యూటరు, ఒక బల్ల, వారమునకు రెండు సాయంకాలములు చాలును. ఒకని బదులు ఇద్దరు ముగ్గురు కలసి ఒక్క ప్యాకేజీ భారమును తలదాల్చినచో, ఒకరు పరీక్షలకై పట్టణమునకు పోయినను మరియొకరు నిలుతురు. ఎవరు దేనికి పూచీపడిరో నోటు పుస్తకమున వ్రాసి యుంచుట మంచిది. ఇరువదియైదేండ్లు పుస్తకముల పద్దును తప్పక వ్రాసిన సంస్థకు ఈ పద్దు భారము కాజాలదు.

పుచ్చుకొనుటలో తప్పులేదు. గ్రంథాలయము పుట్టినది పుచ్చుకొనువారి కొరకే. కాని చదివిన వారిలో కొందరైనను పుస్తకములు దాచువారు, కుట్టువారు, తెచ్చువారు కానిచో గ్రంథాలయము నిలువదు. డెబియన్ భాండారమునకును ఇదే నియమము. తెలుగునేలనుండి ఒక ప్యాకేజీ వచ్చి చేరి, దాని మార్పుల పట్టికలో ఈ ప్రాంతపు యువకునిదో యువతిదో పేరుండి, మూడేండ్ల తరువాత సైతము ఆ పేరు క్రింద క్రొత్త సవరణ తేదీ కనబడినచో, అది సభలలో చెప్పుకొనదగిన ఘనకార్యము. మొదటి తేదీ ఉత్సాహమునకు గుర్తు. చివరి తేదీ శీలమునకు గుర్తు. అట్టి తేదీలు వ్రాయగల చేతులు ఈ గ్రంథాలయపు బల్లల కడనే తయారగును గాక!